అరణానికి అడిగిన పిల్ల

పట్టపగలు లింగవ్వ గుడిసె ముందు దొర మనిషి సిద్దిరాములు కర్ర ఆనించి నిలబడ్డాడు.

"శుక్రారం దాన్క నీ బిడ్డ బుదవ్వను గడిల దింపాలె. చిన్నదొరసాని పెండ్లి. అరణం పంపాలె."

అరణమంటే ఆవులు, ఇత్తడి గంగాళాలు, వాటితోపాటు ఒక ఆడపిల్ల. పెళ్లికూతురి వెంట దాసిగా బండెక్కి పోయిన ఆడబాప మళ్లీ తిరిగి రాదు. నిజాం పోయి మూడేళ్లయింది. షేర్వానీ విప్పి ఖద్దరు తొడిగిన దొర పోలీసు క్యాంపు అండతో కోటలాంటి తన గడికి తిరిగొచ్చాడు. పాత రివాజూ ఆయన వెంటే వచ్చింది.

లింగవ్వ సిద్దిరాములును చూడలేదు. అతని వెనక నిలబడ్డ దేవవ్వను చూసింది. పిల్లను నచ్చజెప్పి తీసుకురమ్మని దొరసాని ఆమెను పంపింది.

"నీకొక బిడ్డ ఉంటె గీ పనికి వస్తుంటివా?" అని తలుపు వేసుకుంది.

దేవవ్వ గడికి నడిచింది. ఆమె కూడా పదేళ్ల వయసులో దొరసాని బండి వెనక కూచుని ఈ ఊరికి వచ్చిందే. ఇప్పుడు జుట్టు నెరిసింది. పుట్టిన ఊరి పేరు మరచిపోయింది. కన్నది ఒక్కతే, పురిట్లోనే పోయింది. అది ఎవరి బిడ్డని ఊరు అడగలేదు. అందరికీ తెలుసు. గడిలో ఆమె బాంచ, ఊళ్లో ఆమె గడి మనిషి. బావి దగ్గర ఆమె చేదుతుంటే మిగతా ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు.

"పిల్లకు అన్ని నేర్పు," అంది దొరసాని. "తల దువ్వుడు, కాళ్లొత్తుడు."

దేవవ్వకు తాను మొట్టమొదట నేర్చుకున్నది గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం.

పొద్దు గూకుతుండగా ఆమె సాలోళ్ల వాడకు పోయింది. మగ్గాల కొట్టంలో దొరకు ఎదురు నిలిచే సంఘపోళ్లు కూడారు, లింగవ్వ కూడా ఉంది. 

"గడి మనిషికి ఈడేం పని?" జైలు నుంచి విడుదలై వచ్చిన రాయమల్లు అడిగాడు. "మా ముచ్చట మోసుకపోను వచ్చినవా?"

"నా ముచ్చట చెప్పను వచ్చిన."

ఎవరూ కూచోమనలేదు. నిలబడే వింది. బుదవ్వను మందమర్రి చుట్టాల దగ్గర దాచిపెడదామని అప్పటికే అనుకుంటున్నారు.

"దాస్తె మీ వాడల బాలవ్వ బిడ్డను పట్కపోతరు," అంది దేవవ్వ. "వాళ్లకు గీ పిల్లనే కావాల్నని లేదు. ఒక పిల్ల కావాలె, గంతే."

"మరేం జేద్దామంటవ్?" అన్నాడు రాయమల్లు.

"నీళ్లెవలు మోస్తరు? వడ్లెవలు దంచుతరు? డప్పెవలు కొడ్తరు, మేనా ఎవలెత్తుతరు? గడిల పెండ్లి జేసేది మనమే. చెయ్యకుంటె కాదు."

"క్యాంపుల తుపాకులున్నయి," అన్నాడొక ముసలాయన.

"ఉన్నయి. తుపాకులు వడ్లు దంచయి."

వాదన చాలాసేపు సాగింది. చివరికి లింగవ్వ లేచి అడిగింది. "శుక్రారం నువ్వు గడిల ఉంటవా, మాతోని ఉంటవా?"

"నాకు ఏ దిక్కుల ఎవలు లేరు, బిడ్డా. మీతోని ఉంటె ఉండనిస్తరా?"

లింగవ్వ మళ్లీ కూచుని జరిగి, చాప మీద కాస్త చోటిచ్చింది.

శుక్రవారం గడిలో గంగాళాలు ఎండిపోయాయి. డప్పు మోగలేదు. పల్లకి మోసే బోయీలు రాలేదు. మధ్యాహ్నం దొర పోలీసులతో వాడకు వచ్చాడు. దారికి అడ్డంగా ఆడవాళ్లు కూచున్నారు. ముందు దేవవ్వ.

"యాభై ఏండ్లు నా ఇంట్ల కూడు తిన్నవు," అన్నాడు దొర.

"వండింది నేనే, దొరా."

వెనకెవరో నవ్వారు. దొర ముఖం నల్లబడింది.

"మా అవ్వ మొఖం నాకు యాదికి లేదు," అంది ఆమె మెల్లగా. "గీ పిల్లకన్న దాని అవ్వను ఉండనియ్యి."

లాఠీలు లేచాయి. లింగవ్వ తల పగిలింది. ఆడవాళ్లు లేవలేదు. మగవాళ్లు వచ్చి వాళ్ల వెనక కూచున్నారు, పోలీసులకు వాడలోకి దారి దొరకలేదు. జమేదారు దేవవ్వ రెక్క పట్టి లేపి, పేరు, తండ్రి పేరు, ఊరు అడిగాడు.

"దేవవ్వ. తండ్రి తెల్వదు." ఆమె కూచున్నవాళ్లందరినీ ఒకసారి చూసింది. "ఊరు గిదే."

ఆ సాయంత్రం, డప్పు లేని పెళ్లయ్యాక, పెళ్లికూతురి బండిని దొర తమ్ముడే తోలుకుపోయాడు. వెనక ఏ పిల్లా లేదు.

తాలూకా లాకప్పులో దేవవ్వను ఒక్కదాన్నే వేశారు. గడిలో ఏ మూల పడుకున్నా ఎవరో ఒకరు కేకేసి లేపేవాళ్లు. ఇక్కడ పిలిచేవాళ్లు లేరు. లింగవ్వ బతికుందో లేదో చెప్పేవాళ్లూ లేరు. మోకాళ్ల మీద తల పెట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయింది.

తెల్లారినాక కిటికీ అవతల ఒక ఆడమనిషి కనిపించింది. ముఖం తెలియదు. చాలా దూరం నడిచి వచ్చినట్టు కాళ్ల నిండా దుమ్ము.

"దేవవ్వంటె నువ్వేనా? మీ ఊరు మీదికెల్లే వచ్చిన, లింగవ్వ మంచిగనే ఉన్నది, కట్టు కట్టిన్రు. మా ఊర్ల గూడ పిల్లనడుగుతున్నరు. ఏం జెయ్యాల్నో చెప్పు, అవ్వా."

 దేవవ్వ లేచి చువ్వలు పట్టుకుంది.

"ఒక్కదానివే వచ్చినవా?"

"ఒక్కదాన్నే."

"ఒక్కదానికి చెప్తె ఏం గాదు. పొయ్యి అందర్ని పట్కరా. నేనెటూ పోను, ఈడనే ఉంట."