యాభై నాలుగో సాలు

అమెరికాలో ఆ ఆట పేరేమో ఫుట్‌బాల్, కష్టమంతా చేతిది. ఆ పేరు పెట్టినవాడెవడోగాని, పొద్దున్నే ఐదున్నరకి లేచి నూరు బంతులు విసిరిన పాపాన పోయి ఉండడు. డ్వేన్ కుబేనా విసిరాడు. ఆ వేసవంతా, ఆదివారాలు తప్ప, పత్తిచేను గట్టు మీద నిలబడి విసిరాడు. పక్కనే ఆగిన పికప్ బండిలో నడుము వెనక దిండు పెట్టుకుని, చల్లారిపోయిన కాఫీ పట్టుకుని, వాళ్ల నాన్న లీలండ్ లెక్కపెట్టాడు.

లెక్క సాళ్లతో. సాలుకీ సాలుకీ మధ్య నలభై అంగుళాలు. యాభై నాలుగు సాళ్లు దాటితే సరిగ్గా అరవై గజాలు. ఆ యాభై నాలుగో సాలులో కర్ర పాతించి ఎర్రగుడ్డ కట్టించాడు. మొదటి వారంలో కొడుకు, "టేపు తెచ్చి ఓసారి కొలుద్దామా నాన్నా?" అంటే కస్సుమన్నాడు.

"పత్తి రైతుకి టేపెందుకురా? మా తాత నలభై, మా నాన్న నలభై, నేనూ నలభై. బైబిల్లో అక్షరమైనా మారుతుందేమోగాని ఈ నేలలో సాలు మారదు."

డ్వేన్ బంతి తీసుకున్నాడు.

అరవై గజాలన్నది నూట ఎనభై మైళ్ల అవతల ఉన్న ఓ చిన్న కాలేజీ కోచ్ పెట్టిన షరతు. "అరవై విసరగలిగితే ఆగస్టు మూడో శనివారం తీసుకురండి. చదువు, తిండి, గది మేం చూసుకుంటాం. విసరలేడా, అంత దూరం రావడం దండగ," అని ఫోన్లోనే తేల్చేశాడు. డ్వేన్ బడి చదువు మే నెలలో అయిపోయింది. కాలేజీ దొరక్కపోతే ఇప్పుడు చేస్తున్న పనే బతుకంతా: ఎమిల్ హ్రుస్కా ట్రాక్టరు మీద కూర్చోవడం. అదీ తమ సొంత పొలంలోనే. రెండేళ్ల క్రితం ట్రాక్టరు బోల్తాపడి లీలండ్ నడుము విరిగింది. మంచం పట్టాడు. లేచినా చేతికర్ర లేనిదే అడుగు పడదు. పొలం ఎమిల్‌కి కౌలుకిచ్చారు. అప్పట్నుంచి లీలండ్‌కి మంచం, టీవీ, కిటికీ. పదింటిలోపు లేచిన రోజు లేదు.

ఈ అరవై గజాల మాట వినపడ్డాక మనిషి లేచి కూర్చున్నాడు. కుర్రతనంలో తనూ ఆ ఊరి జట్టుకి బంతి విసిరినవాడే కదా, తెలిసిన విద్యలన్నీ బయటికి తీశాడు. పాత బంతిని పశువుల తొట్టిలో రాత్రంతా నానేసి, బరువెక్కాక దాన్ని యాభైసార్లు విసరమన్నాడు. టైరు ట్యూబు ముక్క కోసి గేటుకి కట్టి లాగమన్నాడు. బకెట్లో బియ్యం పోయించి, అందులో మోచేతిదాకా గుచ్చి పిడికిలి బిగిస్తూ విప్పుతూ ఉండమన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

"భుజంతో కాదురా! విసిరేది చెయ్యి, పంపేది నడుము. నడుము తిప్పు!" అని బండిలోంచి అరిచేవాడు, తన నడుము తిప్పలేక.

లీలండ్ భార్య నోరీన్ వృద్ధాశ్రమం వంటింట్లో పనికి బయల్దేరుతూ రోజూ ఇలాంటి మాటే అనేది. "వాడు మనిషా, ట్రాక్టరా? నిన్న రాత్రి ఫోర్కు ఎడంచేత్తో పట్టుకుని తిన్నాడు, చూశావా?"

"నొప్పి లేకుండా బలమొస్తుందా? నువ్వెళ్లు."

ఆ ఎడంచెయ్యి మాట లీలండ్‌ని కాస్త గుచ్చింది. గుచ్చినా మానలేదు. మానితే మళ్లీ ఆ కిటికీ ముందు కూర్చోవాలి.

బంతి జూన్‌లో నలభై ఎనిమిదో సాలులో పడేది. జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం పండగ వెళ్లాక యాభై. జూలై చివర్లో ఒక పొద్దున అది ఎర్రగుడ్డ మీదుగా పోయి అవతల పడింది. లీలండ్ హారన్ మోగించాడు. ఆపకుండా మోగించి, తలుపు తెరుచుకుని దిగి, "అరవై! ఒరేయ్, అరవై!" అంటూ రెండు చేతులూ పైకెత్తాడు. చేతికర్ర బండిలోనే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకే తెలీదు. డ్వేన్ మాత్రం భుజం పట్టుకుని నిలబడ్డాడు. అలసిపోయాడు పాపం అనుకున్నాడు లీలండ్.

ఆగస్టు మూడో శనివారం వచ్చింది. కాలేజీ మైదానంలో పన్నెండుమంది కుర్రాళ్లు, గడ్డి మీద తెల్లటి టేపు, ఆకు కదలని ఎండ. ఒక్కొక్కరికి మూడు బంతులు. డ్వేన్ మొదటిది యాభై రెండు. రెండోది యాభై నాలుగు. మూడోది విసిరేటప్పుడు పళ్లు బిగబట్టాడు. యాభై మూడు.

కోచ్ కాగితం మీద గీత పెట్టి, తర్వాతివాడి పేరు పిలిచాడు.

"ఆగవయ్యా!" లీలండ్ కర్ర పొడుచుకుంటూ మైదానంలోకి వచ్చేశాడు. "ఆ టేపు తప్పు! మావాడు ఇరవై రోజుల్నుంచి రోజూ అరవై దాటిస్తున్నాడు!"

"ఎక్కడ దాటించాడు పెద్దాయనా?"

"నా చేలో!"

వెనకాల ఎవడో, "జారిపోయిన చేప ఎప్పుడూ పెద్దదే," అన్నాడు. అందరూ నవ్వారు. లీలండ్ మెడ దాకా ఎర్రబడ్డాడు. ఇంకో టేపు తెమ్మన్నాడు, కొలిచేవాడు కళ్లద్దాలు పెట్టుకోవాలన్నాడు, నోటికొచ్చిందల్లా అన్నాడు. చివరికి డ్వేన్ వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"పద నాన్నా. టేపు కరెక్టే."

"నువ్వు నోర్ముయ్! నీ తరఫునే మాట్లాడుతున్నా!"

"తెలుసు. పద."

తిరుగుదారిలో మూడు గంటలూ లీలండ్ ఆ టేపుని తిడుతూనే ఉన్నాడు. డ్వేన్ భుజానికి ఐసు కట్టుకుని ఎడంచేత్తో బండి నడిపాడు.

ఆదివారం పొద్దున, ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందే, లీలండ్ అరలోంచి తన ఇనుప టేపు తీసుకుని చేలోకి దిగాడు. ఆ కోచ్‌కి ఉత్తరం రాయాలి, అంకెలతో సహా రాయాలి అని ఆయన పంతం. మొదటి సాలు మొదట్లో టేపు పెట్టి రెండో సాలు దాకా లాగాడు. ముప్ఫై ఆరు. చూపు ఆనలేదేమోనని వంగాడు. ముప్ఫై ఆరు. అవతలి సాలు, ఇంకా అవతలిది. అన్నీ ముప్ఫై ఆరే. ముప్ఫై ఆరు అంగుళాలంటే ఒక గజం. యాభై నాలుగు సాళ్లంటే యాభై నాలుగు గజాలు, అంతే. ఆయన సాలు మధ్యలో చతికిలబడ్డాడు.

లేవడం చేతకాలేదు. మంచు తడి ప్యాంటులోంచి ఒంటికి తగిలింది. సూర్యుడు పైకొచ్చాడు. అంతమంది ముందు టేపుని తిట్టిన తన గొంతు తనకే వినబడి సిగ్గుతో చచ్చిపోయాడు.

కాసేపటికి డ్వేన్ వెతుక్కుంటూ వచ్చాడు. నేల మీద టేపు చూశాడు. తండ్రి చంకలో చెయ్యి వేసి లేపాడు. ఎడంచెయ్యి వేశాడు. కుడిచెయ్యి పొట్టకి ఆనించుకుని ఉంది.

"అరవై కాదురా," అన్నాడు లీలండ్. "ఏనాడూ కాదు."

"తెలుసు నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"మే నెల్లో ఈ చేను విత్తింది నేనే. ఎమిల్ బాబాయ్ విత్తే యంత్రం కొత్తది కొన్నాడుగా. ముప్ఫై ఆరుకి బిగించింది ఈ చేతుల్తోనే."

"మరి నీకు నోరు పడిపోయిందా? వేసవంతా నన్ను వెర్రివాణ్ణి చేస్తావా?"

"టేపు తెస్తానన్నానుగా మొదట్లో. నువ్వు బైబిల్ ఎత్తుకున్నావ్." డ్వేన్ నవ్వబోయి మానేశాడు. "ఆ తర్వాతెలా చెప్పను? గుడ్డ దాటిన రోజు నువ్వు కర్ర లేకుండా బండి దిగావు నాన్నా. అమ్మ కిటికీలోంచి చూసి ఏడ్చింది."

కొడుకుని కాలేజీకి మోస్తున్నది తనే అనుకున్నాడు లీలండ్ ఇన్నాళ్లూ. ఆ నానిన బంతికన్నా పెద్ద బరువు తనే.

"మరి నిన్న కాలేజీకి ఎందుకొచ్చావురా?"

"గాలేమైనా కలిసొస్తుందేమోనని."

"గాలి లేని రోజు ఈ టెక్సస్ మొత్తానికి అదొక్కటే దొరికింది, మన ఖర్మ." లీలండ్ ముక్కు తుడుచుకున్నాడు. "ఆ చెయ్యి పైకెత్తు."

డ్వేన్ ఎత్తాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"జూలై నుంచి."

ఇద్దరూ మెల్లిగా నడిచి ఎర్రగుడ్డ దాకా వెళ్లారు. ముడి విప్పడానికి లీలండ్‌కి చాలాసేపు పట్టింది. కొడుకు సాయం వస్తే వద్దన్నాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున పడుకో. ఎల్లుండీ పడుకో. ఆ చెయ్యి బాగయ్యేదాకా బంతి ముట్టావంటే ఊరుకోను."

"మరి నువ్వు?"

"నేను లేస్తాలే."

సోమవారం ఐదున్నరకి లేచాడు. పికప్ చప్పుడుకి పిల్లాడు నిద్ర లేస్తాడని బండి తీయలేదు. కర్ర పట్టుకుని, దారిలో రెండుచోట్ల ఆగి, గట్టు దాకా నడిచే వెళ్లాడు.