ఆకుపచ్చ చుక్కలు

పసుపు రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసే గంగాకిషన్‌కు వేళ్ళ సందుల్లో ఎప్పుడూ పసుపు ఉండేది. ఆర్మూరు యార్డులో కాంటాలు మొదలైతే గాలి కూడా పసుపే. ఆ దుమ్ము కంప్యూటర్ల ఫ్యాన్లలో చేరి గట్టిపడేది. అతను పొద్దున్నే సిద్ధులగుట్ట దిక్కు తిరిగి దండం పెట్టుకుని, బ్రష్షు పట్టుకుని కౌంటర్లన్నీ తిరిగేవాడు. "గంగన్నా, జర మాది చూసిపోరాదే" అని ఒకరు, "ఛాయ్ తాగకుంట ఎట్ల పోతవ్" అని ఇంకొకరు. మధ్యాహ్నం సద్ది కూడా ఏదో ఒక కౌంటర్ దగ్గరే విప్పేవాడు. భార్య వెంకవ్వ పోయినప్పటి నుంచి రోజు మొత్తంలో అతను మాట్లాడే నాలుగు మాటలూ అక్కడివే.

ఈ ఏడు పాతవన్నీ తీసేసి థిన్ క్లయింట్లు పెట్టారు. అరచేతి వెడల్పు డబ్బాలు. ఫ్యాను లేదు కనుక దుమ్ము బాధ లేదు. పనంతా వెనక గదిలోని సర్వర్‌లో జరుగుతుంది, కౌంటర్‌లో కనిపించేది దాని బొమ్మ మాత్రమే. ఆ డబ్బాలన్నిటినీ ఒక్కచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ను గంగాకిషనే ఎక్కించాడు. ఒక్కో డబ్బాకు పేరు పెట్టి చేర్చాడు, సెట్టింగులు అన్నిటికీ ఒకేసారి పంపాడు. తెర మీద కౌంటర్ల పేర్ల పక్కన ఆకుపచ్చ చుక్కలు వరసగా వెలిగాయి.

"ఇగ నీకు తిరుగుడు బందు," అన్నాడు సెక్రటరీ భీమ్‌రావు మెచ్చుకోలుగా. "గదిల కూసోని అన్నీ నడిపియ్యొచ్చు. దేవుడు గూడ లోకాన్ని గిట్లనే నడిపిస్తడేమో."

గంగాకిషన్ నవ్వాడు కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. దేవుడు కూడా ఒక్కడే గదిలో కూర్చుని చుక్కలు చూస్తుంటాడా? మరి ఏటా రథమెక్కి జనం మధ్యకు ఎందుకొస్తాడు?

కొద్దిరోజులకే అతని వేళ్ళు తెల్లబడ్డాయి. ఎవరూ పిలవలేదు. పిలవాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఒక శుక్రవారం సంధ్యారాణి కౌంటర్ చుక్క ఎర్రబడింది. కూర్చున్న చోటి నుంచి రీస్టార్ట్ పంపితే డబ్బాకు అందలేదు. గంగాకిషన్ బ్రష్షు జేబులో పెట్టుకుని దాదాపు పరుగున వెళ్ళాడు.

బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టే అలవాటు ఆ యార్డులో లేదు. కాంటాకు పెడతారు, ట్రాక్టర్‌కు పెడతారు. సంధ్యారాణి అయితే శుక్రవారమని గడపకు పూసినట్టు డబ్బాకు తడిపసుపు పూసింది. అది కారి, నెట్ వైరు గుచ్చే రంధ్రంలోకి దిగింది.

"ఏందన్నా, ఇన్నొద్దులకు తొవ్వ గుర్తొచ్చిందా?" అంది ఆమె.

"నీ డబ్బా పిలిచింది."

పక్క కౌంటర్ నుంచి సువార్త నవ్వింది. "నేనైతే ప్రార్థన చేసి ఊకున్న. మాది మంచిగ నడుస్తుంది."

గంగాకిషన్ వైరు తీసి, రంధ్రం తుడిచి, డబ్బాను మళ్ళీ నడిచేలా చేశాడు. ఛాయ్ వచ్చింది. ఇక ఒక్క మాట చెప్పాలి. చెబితే ఈ డబ్బా మళ్ళీ ఆగదు. చెప్పకపోతే వచ్చే శుక్రవారం మళ్ళీ ఎర్రబడుతుంది, మళ్ళీ రావచ్చు. ఛాయ్ అయిపోయాక కూడా గ్లాసు చేతిలోనే ఉంది. కౌంటర్ ముందు అంకాపూర్ రైతు ఒకాయన తూకం చీటీ కోసం అప్పటిదాకా నిలబడే ఉన్నాడు.

"తడిపసుపు వద్దు చెల్లె," అన్నాడు గంగాకిషన్. "మీద పొడిబొట్టు పెట్టు, చాలు."

"గంతేనా? సరే అన్నా."

మరుసటి శుక్రవారం అన్ని చుక్కలూ ఆకుపచ్చగానే ఉన్నాయి. మధ్యాహ్నం అతను సద్ది ముందు పెట్టుకుని, విప్పబుద్ధి కాక, సాఫ్ట్‌వేర్‌లో అందరికీ కబురు పంపే చోటు తెరిచాడు. 'అన్నం తిన్నరా?' అని కొట్టాడు. ఒక్కో కౌంటర్ పక్కన 'చదివారు' అని పడుతూ వచ్చింది. జవాబు రాసే వీలు ఆ తెరల్లో లేదు. అలా సెట్ చేసింది తనే.

సద్దిగిన్నె పట్టుకుని గది తలుపు వేసి నడిచాడు.

అతన్ని చూడగానే సంధ్యారాణి లేచి నిలబడింది. "ఏమైందన్నా? ఏం ఖరాబైంది?"

"ఏం కాలే. అన్నీ మంచిగనే ఉన్నయి."

"మరెందుకొచ్చినవ్?"

గంగాకిషన్ గిన్నెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆమె ఆ గిన్నె వైపు చూసి, బల్ల మీది చీటీలు పక్కకు జరిపింది.