సాయంత్రం క్లాసు

“కాలేజీ ఉద్యోగం హాయి కదా, మూడింటికల్లా ఇంట్లో ఉంటావు,” అన్నాడు డ్వైట్, భార్య లోర్నా సాల్మన్ చేప సూపులోకి బంగాళాదుంపలు తరుగుతుంటే.

ఆ హాయి ఏమిటో సోమవారం తెలిసింది. అత్తగారు హెల్వీకి మధ్యాహ్నాలు డయాలసిస్. సాయంత్రం ఆస్పత్రి నుంచి ఆమెను తీసుకొచ్చే పక్కింటావిడకి “ఇక మీరు రానక్కర్లేదు, లోర్నా ఖాళీయే” అని డ్వైట్ ముందే చెప్పేశాడు. కారులో కూర్చుంటూ హెల్వీ మురిసిపోయింది. “ఇప్పటికి ఇంటి కోడలివయ్యావే తల్లీ!”

ఇరవయ్యేళ్ళకు పైగా కెనడాలోని థండర్ బేలో, రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసింది లోర్నా. మొదట్లో షెడ్డులో ఆడవాళ్ళకి బాత్రూమ్ ఉండేది కాదు, మంచులో గేటు పక్క ఆఫీసు దాకా నడిచి వెళ్ళొస్తే “మేకప్ అయిందా?” అని ఈలలు వేసేవాళ్ళు. క్రిస్మస్ పార్టీల్లో డ్వైట్ “మా ఇంట్లో మగాడు లోర్నానే” అని అందర్నీ నవ్వించేవాడు. ఆ మగాడే ఇంటికొచ్చి వంట చేసి, గిన్నెలు తోమి, అతని యూనిఫాం ఇస్త్రీ చేస్తాడన్న సంగతికి మాత్రం ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. చివరికి భుజం అరిగిపోయింది. చేతులు పైకెత్తి చేసే పని మానెయ్యమన్నాడు డాక్టరు. అప్పుడే వెల్డింగ్ పాఠాలు చెప్పడానికి కాలేజీ పిలిచింది. జీతం తగ్గినా ఒప్పుకుంది, ఒక్క క్లాసు కోసం. పగలు పనికెళ్ళి, పైపు వెల్డింగ్ పరీక్షకి తయారవుదామని సాయంత్రాలు వచ్చేవాళ్ళకి చెప్పే క్లాసు అది. తను కూడా ఒకప్పుడు అలాంటి క్లాసులోనే వెనక వరసలో కూర్చుంది. “అది నీదే,” అన్నాడు శాఖాధిపతి గోర్డన్, ఉద్యోగంలోకి తీసుకున్న రోజున.

తీరా టైంటేబుల్లో ఆ క్లాసు పక్కన ట్రెవర్ పేరుంది. ఫ్యాక్టరీలో ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు. “నేనడగలేదు లోర్నా, ఒట్టు,” అన్నాడు తల దించుకుని. ఆమె గోర్డన్ గదికి వెళ్ళింది.

“నీ మంచికే చేశాను,” అన్నాడు గోర్డన్. “ఐస్ హాకీ ఆడే రింకు దగ్గర మీ ఆయన కలిశాడు. సాయంత్రాలు నీకు కుదరదన్నాడు. పాపం, ముసలావిడ, ఇల్లు... పగటి క్లాసుల్లో కొత్తగా చేరిన అమ్మాయిల్ని నువ్వు చూసుకో. నీకు ఓపికెక్కువ. అన్నట్టు, రేపు బ్రోచరుకి ఫొటో తీస్తారు. హెల్మెట్ తీసేసి కాస్త నవ్వు.”

ఇద్దరు మగాళ్ళు, చేతుల్లో కాఫీ కప్పులు పట్టుకుని, ఆట మధ్య విరామంలో తన సాయంత్రాలు పంచేసుకున్నారు. ఒక్కరికీ తనకి ఫోన్ చెయ్యాలనిపించలేదు. ఫ్యాక్టరీలో ఈలలు వేసినవాళ్ళే నయం, మొహం మీదే వేశారు.

“నేను వచ్చింది ఆ క్లాసు కోసం,” అంది లోర్నా. “అది లేకపోతే శుక్రవారంతో మానేస్తాను. పగటి క్లాసులు డ్వైట్ చెప్తాడేమో అడగండి, ఎటూ రింకు దగ్గర కలుస్తారుగా.”

గోర్డన్ నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. “ఎందుకంత కోపం?”

“కోపం కాదు. మీరిచ్చిన మాటే అడుగుతున్నా.”

సాయంత్రానికి టైంటేబుల్లో పేరు మారింది. “ఇంత మొండిదని తెలిస్తే తీసుకునేవాణ్ణే కాదు,” అని గోర్డన్ గుమాస్తాతో అంటుంటే ఆమె చెవిన పడింది. ఆమె ఆగలేదు.

ఇంటికొచ్చి, ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక చెప్పింది. “వచ్చే వారం నుంచి సాయంత్రాలు నాకు క్లాసు. మీ అమ్మని నువ్వే తీసుకురావాలి.”

డ్వైట్ చెంచా కింద పెట్టాడు. “మరి నా షిఫ్టు?”

“మార్పించుకో.”

“వాడు పొద్దంతా కష్టపడి అలసిపోయి వస్తాడమ్మా,” అంది హెల్వీ.

లోర్నా ఆమె గిన్నెలో ఇంకాస్త సూపు వడ్డించింది.

డ్వైట్ మొహం ఎర్రబడింది. “నన్నొక్క మాట అడక్కుండా ఎలా ఒప్పుకున్నావ్?”

“నన్నొక్క మాట అడక్కుండా నువ్వు కాదన్నావు చూడు,” అంది లోర్నా, “అలాగే.”