మెట్టె లేని కాలు

పొద్దున ఇడ్లీపాత్ర దించుతున్న భార్యతో జానకిరామన్ అన్న మాట ఇది: "అరవై దాటినాయి. ఇంకా ఎన్నాళ్లు కోస్తావు జనం కాళ్లు? ఆదివారానికల్లా మానేస్తానని చెప్పేయ్."

డాక్టర్ వినోదిని చట్నీకి తాలింపు పెట్టి, బాగాయంలోని ఇంటి నుంచి ఆసుపత్రికి బండి తీసింది.

ఈ మాటలు ఆమెకు కొత్తవా ఏమన్నా! కొత్తకోడలిగా వచ్చిన వారంలోనే అత్తగారు, "కాళ్లు కోసే చేత్తో నా కొడుక్కు అన్నం వడ్డిస్తావా?" అని గరిటె లాక్కుంది. నాలుగు రోజులకు నడుం పట్టేసి, ఆ గరిటె తనే తెచ్చి చేతిలో పెట్టిందనుకోండి. ఆసుపత్రిలోనూ అంతే. కాలు తీసి కుట్లేస్తే డాక్టరు పని తీరిపోయిందనుకునే రోజుల్లో, కత్తి పట్టకముందే రోగిని కూర్చోబెట్టి "రేపు నువ్వేం పని చేసుకోవాల?" అని అక్కడ మొదట అడిగిన సర్జన్ ఆమే. మోకాలు దక్కేలా కోసింది. వార్డు పక్కనే పెట్టుడు కాళ్లు తయారుచేసే షెడ్డు వేయించింది. పొలం బురదలో దిగబడని పాదమొకటి, బస్సు మెట్టెక్కే పాదమొకటి చేయించింది. "వడ్రంగి డాక్టరమ్మ" అని నవ్విన మగ డాక్టర్లే తర్వాత తమ రోగుల్ని ఆమె దగ్గరికి పంపారు.

ఆరోజు గుడియాత్తం నుంచి మోహన వచ్చింది. లుంగీలు నేసే ఇల్లు వాళ్లది. పాదానికి పుండైతే, పండగ సరుకు కానీలే, తర్వాత చూపిద్దాం అన్నారు ఇంట్లో. ఆమె కుంటుతూనే మగ్గానికి నూలు కండెలు చుట్టింది. చక్కెర జబ్బు ఊరుకుంటుందా? మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు గాయం మానింది, కొత్త కాలికి కొలతలు.

"ఈ కాలితో నువ్వేం చేయాలమ్మా?" అని అడిగింది వినోదిని.

మోహన నోరు తెరవకముందే మొగుడు లోగనాథన్ అందుకున్నాడు. "పొయ్యికాడ నిలబడితే చాలు మేడమ్. కండెలు చుట్టేదానికి చేతులుండాయి కదా."

అత్త పచ్చయమ్మ కొంగుముడి విప్పి, పోయిన కాలి మెట్టె తీసింది. "ఈ మెట్టె పట్టేలా వేలిసందు మాత్రం బాగా పెట్టించు తల్లీ. నా కొడుకు నిండా నూరేళ్లు ఉండాల."

వినోదిని నమూనా పాదం మీద వేలిసందుకు పెన్సిలు గీత గీసి, చటుక్కున ఆగింది. అడిగిందెవరిని, చెప్పిందెవరు?

"మీరిద్దరూ రవ్వంతసేపు గమ్మునుండండప్పా. మోహనా, నువ్వు చెప్పు."

మోహన ఆ మెట్టెనే చూస్తూ మెల్లగా అంది. "మగ్గం గుంతలో కూర్చుని తొక్కాలమ్మా. పాదం ముందువైపు సందు లేకుండా గట్టిగా ఆనాల. ఈయన ఊరిమీద పోయినప్పుడంతా నేసింది నేనే. పేరే ఈయనది."

"అయ్యో అయ్యో, మెట్టె?" పచ్చయమ్మ గుండె బాదుకుంది.

మోహన ఉన్న కాలు ముందుకు చాపింది. "దీనికి ఉండాది కదత్తా. ఇది ఆయనకు. వచ్చేది నాకు."

వినోదిని ఆ గీతను చెరిపేసింది. అంతలో ఫోను మోగింది.

"మానేస్తానని చెప్పినావా?" జానకిరామన్.

"మీకే చెప్తుండా, మానేస్తుండా," అంది వినోదిని. "ఇడ్లీపాత్ర పొయ్యి పక్కనే ఉండాది. ఆదివారం నుంచి మీరే దించుకోండి."