ఆయన పక్కన చోటు

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు మందులిచ్చాడు, కింద మాత్రం కూర్చోవద్దన్నాడు. నొప్పికంటే ఆ మాటే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది. పెళ్లయిన నాటి నుంచీ పొద్దున్నే దేవుడి గదిలో, వడ్రంగి అయిన తన భర్త పక్కన చాప మీద కూర్చుని, భుజానికి భుజం తగులుతుండగా ప్రార్థన చెప్పుకోవడం అలవాటు. ఇప్పుడు వెనక కుర్చీలో కూర్చుంటోంది. దేవుణ్ణి చూద్దామని వచ్చి మొగుడి బట్టతల చూసి పోతున్నానని తనను తానే వెక్కిరించుకునేది. కళ్లు మాత్రం చాపలో ఖాళీగా ఉన్న సగం మీదే ఉండేవి.

యోగా నేర్పే మరిది కూతురు ఆ సంగతి విని వచ్చింది. గోడకు చేతులానించి మెల్లగా మోకాళ్లు వంచడం, వెల్లకిలా పడుకుని ఒక్కో కాలు ఎత్తడం చూపించింది.

"ఎంతసేపు ఉంచాలే?"

"హాయిగా ఉన్నంతసేపు, పెద్దమ్మా. నొప్పి పుడితే దించెయ్."

ఆవిడ కాలెత్తి, ప్రార్థన అందుకునేది. అదేమో చాలా పొడుగు. మధ్యలో ఆపితే అపచారం. కాలు వణికినా, చెమటలు కారినా ఆఖరి పాదం దాకా దించేది కాదు. ఆ బాధ కూడా దేవుడికే చెందుతుందనుకుంది. వారం తిరక్కుండా మోకాళ్లు బంతుల్లా వాచాయి.

మరిది కూతురు చూసి లబలబలాడింది. "నీ మొండితనం కూలా! దించమన్నానా లేదా?"

"దేవుడి మాట సగంలో ఎలా ఆపనే?"

"ఆపకు. కాలు దించి చెప్పుకో. నోటికీ కాలికీ ముడెందుకు వేశావ్?"

ఆవిడ వాచిన మోకాళ్ల వైపు చూసుకుంది. ఈ బాధ దేవుడు అడిగాడా? తనే తీసుకెళ్లి ఆయన చేతిలో కుక్కిందా?

వాపు తగ్గాక మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నొప్పి తొంగిచూడగానే కాలు దించేసేది. నెలలు గడిచేసరికి మెట్లెక్కడం తేలికైంది, ఇస్త్రీ బల్ల దగ్గర మూలుగు తగ్గింది. మెల్లమెల్లగా కిందికి కూర్చోవడానికి డాక్టరు కూడా సరేనన్నాడు. భర్త ఒక పీట చేసి చాప మీద తన పక్కన వేశాడు. ఆవిడ మోకాళ్లు వంగుతున్న కొద్దీ దాని కాళ్లు కాస్త కాస్త కోస్తున్నాడు.

"ఇంకాస్త కొయ్యండి."

"తొందరెందుకే? కోసింది మళ్లీ అతికించలేను."

"అతకడం రాని వడ్రంగిని కట్టుకున్నాను, నా ఖర్మ."

ఆయన నవ్వి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆవిడ పీట మీద సర్దుకుంది. నొప్పి మొత్తం పోతుందని ఎవరూ మాటివ్వలేదు. అయినా ఆవిడకు నేల కావాలి. చెయ్యి కిందికి చాపి చాపను తడిమింది. చల్లగా ఉంది. ఆయన కళ్లు తెరవకుండానే ఇటు జరిగాడు. భుజం వచ్చి ఆవిడ మోచేతికి తగిలింది.

ఇంకా జానెడు దిగాలి.