గుడ్డు తినేదాకా

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలుగేటు దాటగానే ఎడమచేతికి ఒక వైన్‌షాపు, దాని వెనక రేకుల కింద పర్మిట్ రూము. ముందు కొనుక్కున్నవాళ్ళు వెనక్కి వచ్చి కూర్చుని తాగుతారు. ఆ రేకుల కింద ఓ మూలన పొయ్యి మంజులది. బోటి, లివర్, పల్లీలు, ఉడకేసిన గుడ్లు. పొద్దు వాలే వేళకు పొయ్యి ముట్టిస్తే, మళ్ళీ నడుము వాల్చేసరికి ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో ఆమెకు విడివిడిగా తెలుస్తుంది.

భర్త బోరుబండి మీద పనిచేస్తాడు. నీళ్ళు పడని ఊళ్ళన్నీ అతనివే, సొంత ఊరు ఒక్కటి తప్ప. ఇంట్లో చూసే దిక్కు లేక, అంగన్‌వాడీ వదలగానే ఐదేళ్ళ భావన తల్లి వెంట ఆ రేకుల కిందికే వస్తుంది. పొయ్యి వెనక ఖాళీ బీరు పెట్టెలు గోడలా పేర్చి, ఆ సందులో గోనెసంచి పరిచి బిడ్డను కూర్చోబెడుతుంది మంజుల. "ఈ పెట్టెలు దాటినవంటే కాళ్ళు ఇరగ్గొడ్త" అని ఒకసారి చెప్పి గంటె పట్టుకుంటుంది.

"ఆడపిల్లను గిసుంటి జాగల పెడ్తవా?" అని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఏ జాగల పెట్టాల్నో చెప్పు, పెడ్త" అంటే చెప్పినవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు.

అక్కడికి వచ్చే పిల్ల భావన ఒక్కతే కాదు. మిగిలిన పిల్లలు రావడానికి కారణం కూడా మంజులే.

వెనక వీధిలో మనోరమ అని ఉంది. ఆమె మొగుడు దేవేందర్ వరికోత మిషన్ నడుపుతాడు. పని ఉన్నరోజు ఒళ్ళు నొప్పులని తాగుతాడు, లేనిరోజు పొద్దుపోవడం లేదని తాగుతాడు. నిరుడు వానాకాలంలో ఓ సాయంత్రం మనోరమ తానే వచ్చి పర్మిట్ రూము గేటు దగ్గర నిలబడి పిలిచింది. పదిమందిలో పెళ్ళాం పిలిచిందని దేవేందర్‌కు తలకొట్టేసినట్టయింది. లేచి వచ్చి గేటు దగ్గరే చెయ్యి చేసుకున్నాడు. మంజుల చేతిలో గంటెతోనే ఉరికి ఇద్దరి మధ్య నిలబడింది.

మర్నాడు నల్లా దగ్గర మనోరమ కనబడితే పక్కకు పిలిచింది. "నువ్వు రాకు చెల్లె. పిలగాన్ని తోలు. ఆలి పిలిస్తే మొగోనికి రోషమొస్తది. కొడుకొచ్చి చెయ్యి పట్టి గుంజితే సిగ్గొస్తది. మిగిలింది నేను చూసుకుంట."

అట్లా రాహుల్ వచ్చాడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు. వాడు తండ్రి బల్ల పక్కన నిలబడగానే మంజుల ఒక గుడ్డు ఒలిచి, రెండు ముక్కలు చేసి, ఉప్పూకారం చల్లి ప్లేటులో పెట్టి, అందరికీ వినబడేలా అంది: "దేవేందర్ తమ్మీ, గీ గుడ్డు నీ కొడుకుది, పైసలు నీవి. పోరడు తినేదాకనే నీకు టైము. తినుడైపోంగనే లేవాలె. గిది నా పొయ్యి కాడి కట్టుబాటు."

బల్లల మీదున్నవాళ్ళు నవ్వారు. నవ్వినా కట్టుబాటు నిలిచింది. పిల్లవాడు రెండు ముక్కలూ మింగి మూతి తుడుచుకోగానే, "లే ఇగ దేవేందరూ, నీ గుడ్డు ఒడిసింది" అని పక్కవాళ్ళే లేపేవాళ్ళు. ఆ మాట వీధిలో పాకి, ఇంకొందరు తల్లులు కూడా పొద్దుగుంకగానే పిల్లల్ని తోలడం మొదలుపెట్టారు. బతుకమ్మ నాడు ఆ ఆడవాళ్ళంతా మంజులను నడుమ నిలబెట్టుకుని ఆడారు. బోటి కడిగీ కడిగీ పాచిపోయిన చేతులకు ఆ రోజు ఒక విలువ వచ్చినట్టనిపించింది ఆమెకు. ఆ రేకుల కింద తాను చేసే పనుల్లో తలెత్తుకుని చెప్పుకునే పని అదొక్కటే.

ఇప్పుడు దానికే అడ్డం పడింది. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. తాగే బల్ల దగ్గర ఓ చిన్నపిల్ల నిలబడి గుడ్డు తింటున్న వీడియో. అది ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, చివరికి పర్మిట్ రూము నడిపే చిరంజీవి ఫోన్‌లోకే వచ్చింది. అతను ఆ సాయంత్రం చంకలో చుట్టిన ఫ్లెక్సీతో వచ్చి, బల్ల మీద పరిచి చూపించాడు. ఎర్రటి అక్షరాలు. చిన్నపిల్లలకు లోపలికి ప్రవేశం లేదు.

"మంచి పని చేసినవన్నా," అన్నాడు గోడవారన కూర్చున్న ఒకతను. "తాగే కాడ పిల్లలేంది? ముద్ద దిగుతలేదు."

"నీకు ముద్ద దిగకపాయె గని, మందు దిగుతుంది గద," అన్నాడు పక్కవాడు. "హన్మకొండల ఏసీ బార్లకు పోయి చూడు. పెండ్లాం పిల్లలను ఎంటేసుకొనొచ్చి కూసుంటరు. పిల్లలకు ఆడుకునెతందుకు జారుడుబండ గూడ పెట్టిండ్రు. దానికి ఫ్యామిలీ రెస్టారెంటని పేరు. ఆడ చెడిపోని పిల్లలు ఈడ రేకుల కింద చెడిపోతరా?"

"మా నాయిన నన్ను భుజం మీద ఎక్కించుకొని కల్లు మండువకు తోల్కపోయెటోడు," అన్నాడు సోమయ్య. ఊళ్ళో అందరికీ తాత అతను. తాటిచెట్ల కింద కల్లు తాగే రోజుల నుంచి తాగుతున్నాడు. "తాటాకు మడిచి, నా దోసిట్ల గూడ ఇంత పోసెటోడు. నాకేమైంది?"

"నీకేం గాలే తాతా. అప్పుడు కూసున్నోనివి ఇంకా లేవలే, గంతే."

రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. సోమయ్య కూడా నవ్వాడు. మంజులకు నవ్వు రాలేదు. గంటె పక్కన పెట్టి, పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"చిరంజీవన్నా, గిది కడితే నా బిడ్డ యాడికి పోవాలె?"

చిరంజీవి చెడ్డవాడు కాదు. లీజుకు తీసుకున్న నాటి నుంచి అందరికీ సమాధానం చెప్పీ చెప్పీ విసిగిపోయినవాడు. "నీ బిడ్డ ఒక్కతంటే ఏమో అనుకోవచ్చు చెల్లె. నువ్వు వాడ పిల్లలందర్ని జమచేస్తివి. గిది అంగన్‌వాడీయా, పర్మిట్ రూమా? రేపు ఎక్సైజోళ్ళు వస్తే నా లీజు పోతది. నీ పొయ్యీ పోతది."

"పిల్లలు రాకపోతే గా తల్లులొస్తరు. తన్నులాటలైతయ్. పోలీసులొస్తరు. గప్పుడు పోదా నీ లీజు?"

అతను ఫ్లెక్సీని మళ్ళీ చుట్టాడు. "ఐతారం దాక చూస్త. ఆ తర్వాత నన్నేం అనొద్దు."

ఆ నాలుగు రోజులూ మంజుల తలలో ఒక్కటే లెక్క తిప్పుకుంటూ కూర్చుంది. ఇంట్లో పెట్టి తాళం వేస్తే? పొరుగున ఉన్న సఫియా బేగం మంచిదే, కాని ఆమెకే మోకాళ్ళ నొప్పులు. ఉన్న పిల్లిని పట్టలేని మనిషికి పిల్లను అప్పజెప్పడం ఎట్లా? ఎటు తిప్పినా లెక్క మళ్ళీ ఆ బీరు పెట్టెల సందులోకే వచ్చి ఆగుతోంది. చిరంజీవిని ఇంకోసారి బతిమాలాలి. అవసరమైతే ఆ ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చి అడిగించాలి. పిల్లలు వస్తున్నారు కాబట్టే మొగుళ్ళు ఇంటికి చేరుతున్నారని వాళ్ళచేతే చెప్పించాలి. అట్లా అనుకుంది.

శనివారం నాడు గిరాకీ పలచగా ఉంది. రాహుల్ ముందే వచ్చాడు. దేవేందర్ ఇంకా రాలేదు. "భావనతోని ఆడుకోరా, మీ నాయినొస్తడు" అని వాణ్ణి పెట్టెల వెనక్కి పంపి, మంజుల ఉల్లిగడ్డలు కోయడానికి కింద కూర్చుంది. పెట్టెల సందుల్లోంచి పిల్లల మాటలు వినబడుతున్నాయి.

రాహుల్ ఖాళీ పెట్టె బోర్లించుకుని, ఒక కాలు మడిచి పైన పెట్టుకుని కూర్చున్నాడు. అచ్చం దేవేందర్ కూర్చున్నట్టే. చెవి దగ్గర ఒక పెంకుముక్క.

"ఆఁ, వస్తున్న వస్తున్న. దార్ల ఉన్న," అని పెంకుముక్కను జేబులో పెట్టాడు.

"బాపూ, అమ్మ పిలుస్తుంది. లే," అంది భావన. ఆటలో ఆమె రాహుల్, వాడు దేవేందర్ అన్నమాట.

"వచ్చినవా బిడ్డా. గుడ్డు తింటవా?" ఒక గులకరాయి ఆమె చేతిలో పెట్టాడు.

భావన నోటి దగ్గర పెట్టుకుని నమిలినట్టు చేసింది. "తిన్న. లే బాపు."

"గంత జల్ది తింటరారా? అట్ల తినొద్దు. మెల్లగ తిను. నువ్వు ఎంత మెల్లగ తింటే బాపుకు గంత ఇష్టం." ఇంకో రాయి తీశాడు. "ఇగో, ఇంకోటి. అమ్మ అడిగితే ఏం చెప్తవ్?"

"మిషన్ బెల్టు తెగిందని."

"శభాష్."

కత్తిపీట మీద మంజుల చెయ్యి అట్లాగే ఆగింది. కళ్ళు మండుతున్నాయి. ఉల్లిగడ్డలకే అనుకోవడానికి వీలుంది.

ఈ మధ్య గుడ్లు ఎక్కువ పోతున్నాయని ఆమెకు తెలుసు. పిల్లల పేరు మీద తండ్రులు రెండు, మూడు చెబుతుంటే, పోనీలే, తాగేవాడి జేబులోంచి పిల్లల కడుపులోకి ఇంత బలం పోతోంది కదా అని సంతోషపడింది. మనోరమ గేటు దాకా రావడం మానేస్తే, కాపురం దారిన పడిందనుకుంది. ఒక్కసారి కూడా నల్లా దగ్గర ఆపి అడగలేదు.

లేచి పెట్టెల వెనక్కి వచ్చింది. పిల్లలిద్దరూ ఉలిక్కిపడ్డారు. భావన చేతిలో రాయి దాచుకుంది.

"ఒరేయ్ రాహుల్, నిన్న ఎన్ని గుడ్లు తిన్నవ్‌రా?"

"మూడు, అత్తమ్మా."

"అన్ని ఎందుకు తింటున్నవ్? గుడ్డంటే గంత ఇష్టమా?"

వాడు కాలితో నేల గీకాడు. "నాకు గుడ్డు వాసన పడదు. ఇంటికి పోయినంక కక్కుకుంట."

"మరి?"

"బాపు తినమంటడు."

ఆ రాత్రి ఇంటికి పోయాక భావన పాలగ్లాసు పట్టుకుని గుటకకూ గుటకకూ మధ్య ఆగుతూ తాగుతుంటే, "జల్ది తాగు" అని మంజుల కసిరింది. ఎందుకు కసిరిందో పిల్లకు అర్థం కాక బిక్కముఖం వేసింది.

ఆదివారం చిరంజీవి రాకముందే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఫ్లెక్సీ కట్టు అన్నా."

అతను తగవుకు సిద్ధమై వచ్చినట్టున్నాడు. ఫ్లెక్సీని ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకున్నాడు. "మరి నీ బిడ్డ?"

"నా బిడ్డ గూడ పిల్లనే గద. నా పొయ్యి బయట పెట్టుకుంట. రోడ్డు పక్కకు."

"బయట ఎవడు కొంటడే? కూసున్న కాడికొస్తేనే కొంటరు. లోపలి పొయ్యి వేరేటోళ్లకు ఇయ్యాల్సొస్తది మరి. జర ఆలోచించుకో."

"ఇచ్చుకో. ఆలోచించుడు నాతోని అయితలేదు."

ఆ సాయంత్రం రోడ్డు వారన మురికినీళ్ళ మోరీ పక్కన ఒక పాత తోపుడుబండి మీద పొయ్యి, గుడ్ల గిన్నె. మోరీ గోడ మీద భావన. తలపైన ఫ్లెక్సీ గాలికి టపటపలాడుతోంది. వరంగల్ పోయే బస్సులు దుమ్ము లేపుతూ పోతుంటే మంజుల గిన్నె మీద మూత వేసి, తీసి, మళ్ళీ వేస్తోంది.

రాహుల్ వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఫ్లెక్సీ వైపు చూశాడు. చదవడం వాడికి ఇంకా పూర్తిగా రాదు. "లోపలికి పోవద్దురా. ఈన్నే నిలబడు" అని, మంజుల గేటులోంచి కేకేసింది. "దేవేందర్ తమ్మీ, నీ కొడుకొచ్చిండు."

"గుడ్డియ్యక్కా. వస్తున్న," లోపల్నుంచి జవాబు.

"గుడ్లు లేవు."

"ఏదన్న ఇయ్యి. ఐదు నిమిషాలు."

"ఏం లేదు. నువ్వే రావాలె."

లోపల నవ్వులు వినబడ్డాయి. దేవేందర్ రాలేదు. వెలుగు తగ్గింది. రాహుల్ ఈ కాలి మీదా ఆ కాలి మీదా బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. "అత్తమ్మా, బాపు దార్ల ఉన్నడని అమ్మకు చెప్పి రావాల్నా?"

"వద్దు. నిలబడు."

ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు భయమేసింది. రాకపోతే? మళ్ళీ మనోరమే వస్తే? అప్పుడు మధ్యలోకి ఉరకడానికి తన ఒంట్లో ఓపిక ఉందా?

చాలాసేపటికి దేవేందర్ బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గిన్నె మూత తానే తీసి చూశాడు. "నిండ ఉన్నయ్ గదా. లేవంటవేంది? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్."

"పిల్లలకు లేవంటున్న. పెద్దోళ్లకున్నయ్."

మంజుల ఒక గుడ్డు తీసి ఒలిచింది. కోయలేదు, ఉప్పు చల్లలేదు. వేడివేడిగా అతని అరచేతిలో పెట్టింది.

"తిను తమ్మీ. నువ్వు తినేదాక నీ కొడుకు నిలబడ్తడు. మెల్లగ తిను. ఎంత మెల్లగ తింటే నీ కొడుక్కు గంత ఇష్టం."

దేవేందర్ గుడ్డు వైపు చూశాడు, తర్వాత కొడుకు వైపు చూశాడు. ఆ మాట ఎక్కడిదో అతనికి తెలుసు. రాహుల్ తల దించుకుని తండ్రి చెప్పుల వైపు చూస్తున్నాడు. దెబ్బ ఎటునుంచి వస్తుందోనని చూసినట్టు. లోపల్నుంచి ఎవరో "దేవేందరూ, నీ గ్లాసు" అని పిలిచారు.

అతను గుడ్డు మొత్తం ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాడు. మింగుడు పడలేదు. గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. మంజుల నీళ్ళచెంబు అందించింది. తాగి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి వెనక వీధి వైపు నడిచాడు. నాలుగడుగులు పోయాక వెనక్కి తిరిగి ఆ రేకుల వైపు ఒక చూపు చూశాడు. రేపు ఈ గుడ్డు పనిచేస్తుందో లేదో ఆ చూపును బట్టి మంజుల ఏమీ తేల్చుకోలేకపోయింది.

అటువైపు నుంచి ఇంకో ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని వస్తున్నారు. లోపల కొత్తగా ఎవరిదో పొయ్యి, బోటి వాసన. ఈ మూలన కొనేవాడు లేడు. మంజుల బండి చక్రానికి వీపు ఆనించి కూలబడింది.

మోరీ గోడ మీద భావన ఆవలించింది. "అమ్మా, మనం ఎప్పుడు పోదం?"

"ఈ గుడ్లు ఒడిసేదాక, బిడ్డా."

అన్నాక ఆ మాట తన చెవినే పడింది. లేచి మూత తీసి చూసింది. గిన్నె ఇంకా నిండుగానే ఉంది.