పెద్దామె అర్జీ

సోములు పోయాక వచ్చిన ఒకటో తారీఖున, ఇంకా పొద్దు పొడవకముందే సచివాలయం పిల్ల శైలజ స్కూటీ వాకిట్లో ఆగింది. తూర్పు గదిలో చేట ముందేసుకుని మినుములు చెరుగుతున్న జగ్గమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ స్కూటీ తనకోసం వచ్చింది కాదని తెలుసు. అయినా చెవి అటే పోయింది.

"కూర్మమ్మగారూ! పింఛనండీ!"

ఒకే వాకిలి, ఒకే పెరడు, నడుమ ఒక్క గోడ. తూర్పు గదిలో సోములు మొదటి భార్య జగ్గమ్మ, పడమటి గదిలో రెండో భార్య కూర్మమ్మ. సోములుకి వచ్చే ముసలి పింఛను అతను పోగానే భార్య పేరుకి మారింది. భార్య అంటే, బియ్యం కార్డు ప్రకారం, కూర్మమ్మ.

"వేలు గట్టిగా నొక్కమ్మా. ఆఁ, ఇటు చూడు, ఫొటో తియ్యాల" అంటోంది శైలజ.

కూర్మమ్మ పైట సర్దుకుని సెల్‌ఫోన్ వంక చూడటం జగ్గమ్మ తలుపు సందులోంచి చూసింది. పసుపు కుంకుమలు ఇద్దరికీ ఒకే రోజు పోయాయి. పింఛను మాత్రం ఒక్కదానికే వచ్చింది.

పెళ్ళయి ఎన్నాళ్ళకీ కడుపు పండలేదని సోములు కూర్మమ్మను తెచ్చాడు. ఆ మర్నాడే జగ్గమ్మ అలిగి పొందూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. అక్కడ అన్న నీడన రాట్నం వడుకుతూ కొన్నేళ్ళుంది. ఆ రోజుల్లోనే ఊళ్ళో కొత్త కార్డులు రాశారు. ఇంట్లో ఉన్న మనిషి పేరే భార్యగా ఎక్కింది. అన్న పోయాక జగ్గమ్మ తిరిగొస్తే, సోములు నోరెత్తకుండా తూర్పు గది తాళం తీసిచ్చాడు. కార్డు ఊసు అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పుట్టింట రాయించుకున్న ఆమె కార్డు ఒంటి మనిషి కార్డుగానే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే జగ్గమ్మ సచివాలయానికి నడిచింది. శైలజ కుర్చీ చూపించి, ఆమె ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మామ్మా, మీకు కార్డులో కూడా అరవై నిండిపోనాయి. వృద్ధాప్య పింఛనుకి పెట్టీద్దాం. ఎటు పెట్టినా అంతే డబ్బు వస్తాది."

"ముసిల్దాన్నని నాకేటీ ఇవ్వక్కర్నేదు. ఆడి పెల్లాన్నని ఇవ్వండి. అదే రాయి."

"అది కూర్మమ్మగారి పేర మారిపోయింది. కార్డులో భార్యని ఆమె పేరే ఉన్నాది మామ్మా."

"నా పెల్లినాటికి మీ కార్డులు పుట్నేదు."

శైలజ నెమ్మదిగా చెప్పింది. అర్జీ పెడితే పైనుంచి విచారణ వస్తుందనీ, అది తేలేదాకా కూర్మమ్మ పింఛను ఆగుతుందనీ, ఆమెకింకా అరవై రాలేదు కాబట్టి ముసలి పింఛను కూడా దొరకదనీ. జగ్గమ్మ అంతా విన్నది.

"ఆగనీ" అంది. వేలిముద్ర వేసి వచ్చింది.

పై నెల ఒకటిన స్కూటీ వాకిట్లోకి రాలేదు. జగ్గమ్మ ఆ పూట ఎండుచేపల పులుసు పెట్టుకుని, వాసన గోడ దాటి వెళ్ళేలా తలుపులు బార్లా తెరిచి, కడుపునిండా తిన్నది. కూర్మమ్మ వచ్చి తిడుతుందని చూసింది. తిడితే ఇన్నేళ్ళుగా గొంతులో దాచిన మాటలన్నీ కక్కేసేదే. కూర్మమ్మ రాలేదు. మర్నాడు చీకటితో లేచి, చద్ది మూట కట్టుకుని, పరాయి చేలో గోగు కోతకి కూలికి వెళ్ళిపోయింది.

ఊరి ఆడవాళ్ళు కుళాయి దగ్గర గుసగుసలాడారు. "పాపం, కూర్మమ్మ. మంచంలో ఉన్నోడికి ఎత్తిపోసింది, ఇప్పుడు ఎండలో కోతకెల్తంది" అన్నారు. జగ్గమ్మ బిందె పెట్టగానే మాట మార్చేశారు. ఖాళీ బిందె చంకనెత్తుకుని ఆమె వెనక్కి తిరిగింది. మొగుడూ దానికే, కార్డూ దానికే. ఆఖరికి ఊరి జాలి కూడా దానికే! మంచంలో ఉన్నవాడికి తాను ఎందుకు చెయ్యలేదు? చెయ్యనిచ్చారా? గిన్నె పట్టుకుని వెళ్ళినప్పుడల్లా ఆ మంచం పక్కన కూర్మమ్మ అప్పటికే కూర్చుని ఉండేది.

విచారణకి మండలం ఆఫీసు నుంచి రమేష్‌బాబు అనే ఉద్యోగి వచ్చాడు. శైలజ వెంట ఉంది. వాకిట్లో కుర్చీ వేశారు. ఇరుగూ పొరుగూ పోగయ్యారు.

"సోములుగారికి మీరేమవుతారమ్మా?" అని అడిగాడు.

"పెల్లాన్ని. పెద్ద పెల్లాన్ని."

"రుజువేమైనా ఉందా? ఫొటో గానీ, కాగితం గానీ?"

"పెల్లికి కాయితమేటి బాబూ? మా నాయిన కాల్లు కడిగి ఇచ్చినాడు. సూసినోల్లంతా పోనారు." జగ్గమ్మ చుట్టూ చూసింది. "ఉన్నోల్లు నోరిప్పరు."

ఒకామె నేల చూపులు చూసింది, ఒకాయన తువ్వాలు దులుపుకున్నాడు. అర్జీ వీగిపోయిందనే అనుకుంది జగ్గమ్మ. ఇంక ఊరూ సర్కారూ కలిసి తనను ఆ ఇంట్లో అద్దెకున్న మనిషిని చేసేస్తాయి.

రమేష్‌బాబు కూర్మమ్మ వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

కార్డు కూర్మమ్మ చేతిలోనే ఉంది. ఒక్క మాట, 'ఆమెవరో నాకు తెల్దు' అంటే సరిపోయేది. కోతల్లో గీరుకుపోయిన చేతులు పైటలో దాచుకుని ఆమె నిలబడింది.

"అప్పే పెద్ద పెల్లాం బాబూ. నన్ను తరవాత తెచ్చినాడు. నానొచ్చిన్నాడు ఈ గుమ్మం కాడ హారతిచ్చి నోనికి పిలిసింది అప్పే. తెల్లారి పుట్టింటికెల్లిపోనాది. కార్డులు రాసినప్పుడు ఊర్లో నేదు. నానున్నానని నా పేరు రాసీసినారు."

రమేష్‌బాబు కలం పట్టుకుని ఆగాడు. "ఇది నేను రాసుకుంటే మీ పింఛను పోతుంది. తెలుసా?"

"తెలిసే అంతన్నాను."

హారతి సంగతి తనకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదనుకుంది జగ్గమ్మ. ఆ రోజు ఏడుపు బిగబట్టుకుని, పళ్ళెం వొంగకుండా పట్టుకుని, కొత్తగా వచ్చిన పిల్ల ముఖం ముందు తిప్పింది. అప్పటి ఆ పిల్లే ఇప్పుడిలా నెరిసిన తలతో నిలబడి, అందరూ వింటుండగా అక్క వరస కలిపి అప్ప అంటోంది.

"మల్లోపాలి సెప్పవే" అంది జగ్గమ్మ.

"ఏటప్పా?"

"ఇప్పుడన్నావే, అదే. ఈల్లందరికీ ఇనపడేలాగ సెప్పు."

కూర్మమ్మ గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. "నువ్వే పెద్ద పెల్లానివి."

జగ్గమ్మ వాకిట్లో ఉన్న మొహాలన్నీ వరసగా చూసింది. "ఇనుకున్నారా?" అని అడిగింది. ఎవరో తలూపారు. అప్పుడామె రమేష్‌బాబు వైపు చెయ్యి చాపింది. "నా అర్జీ నాకిచ్చీ బాబూ. దానికి దాందే ఉంచండి. నాకు ముసలోల పింఛనే రాయండి."

రమేష్‌బాబు కలం మూత పెట్టేశాడు. "నేనింకా ఏమీ రాయలేదు. అర్జీ వెనక్కి తీసుకుంటే రాయాల్సింది కూడా ఏమీ ఉండదు" అన్నాడు.

కూర్మమ్మ పింఛను పై నెలకే మళ్ళీ వచ్చేసింది. జగ్గమ్మది మంజూరు కావడానికి వానాకాలం గడిచిపోయింది. ఆ నెలలన్నీ ఒకటో తారీఖున ఆమెకి అన్నం సయించలేదు. పెద్దరికం నాదీ, పింఛను దానిదీనా అని గొణుక్కుంటూ, పెరట్లో కూర్మమ్మ ఎదురొస్తే తల తిప్పుకుని పోయేది. మళ్ళీ తానే గోడకి ఇవతలినుంచి, "ఒలే, మేక నీ బీర పాదు తినెస్తంది, సూసుకో" అని కేకేసేది.

చివరికి ఆమె చేతికీ పింఛను వచ్చింది. వచ్చిన రోజే తిన్నగా పడమటి గుమ్మంలోకి వెళ్ళి, గోడ మీదున్న సోములు ఫొటో ఒక్క పూటకి ఇమ్మంది. కూర్మమ్మ మేకు నుంచి తీసి, పైటతో తుడిచి ఇచ్చింది. జగ్గమ్మ దాన్ని పట్టుకుని బస్సెక్కి పొందూరులో ఫొటో స్టూడియోకి వెళ్ళింది.

"ఎంత సైజు చెయ్యమంటారు?" అన్నాడు కుర్రాడు.

"దీనికన్నా పెద్దది."

ఫ్రేమూ అద్దమూ వేయించి తెచ్చి తూర్పు గదిలో తలుపు కెదురుగా తగిలించింది. దారిన పోయే వాళ్ళకి కూడా కనబడేంత పెద్దది. తానిచ్చిన ఫొటో తీసుకుపోదామని వచ్చిన కూర్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, కొత్త పటం వైపు అలా చూస్తూ నిలబడింది.

"మావ ఇక్కడ శానా బాగున్నాడప్పా."

జగ్గమ్మ కాసేపు ఓర్చుకుంది. తరవాత పాత పటం ఆమె చేతిలో పెట్టేసింది.

"సాలు, సూసినావు. నీకాడ ఒకటున్నాది గదా" అని తలుపు దగ్గరకి వేసేసింది.